విడి ఇండ్ల నుండి వాటాల మేడకు

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అద్దెకిచ్చి చూడుమని మాత్రము చెప్పలేదు. బహుశః ఆ కాలమున అద్దెకుండువారు తక్కువ కాబోలు. ఈనాడు గుంటూరు, తెనాలి ప్రాంతములలో ఒకటి రెండు విడి ఇండ్లు అద్దెకిచ్చుకొని, ఆ రాబడిని ఇంటి ఖర్చులకు ఆసరా చేసికొన్న కుటుంబములు పెక్కు కలవు. అట్టి కుటుంబములలో కొంతకాలముగా ఒక మాట వినవచ్చుచున్నది. "ఈ విడి ఇండ్లు ఎందుకు? వీటిని అమ్మి, ఎనిమిది వాటాల మేడ ఒకటి కట్టిన మేలు కాదా?" అని. ఈ ప్రశ్న మా యింటికిని వచ్చినది. దానికి మేము వెదకుకొన్న సమాధానమును నేటి ప్రసంగములో శ్రోతలతో పంచుకొనగోరుచున్నాము.

మాది చేబ్రోలు. గుంటూరు నుండి పొన్నూరు మీదుగా బాపట్లకు పోవు బాటలో ఉన్నది. కోనేటి నడుమ నిలిచిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయమును చూచుటకు వచ్చినవారు మా ఊరిని ఎరుగుదురు. ఊరు మిక్కిలి పాతది. శాతవాహన రాజైన విజయుని కాలమునాటి సంస్కృత శాసనము ఒకటి ఇచ్చట దొరికినట్లు 2019లో ప్రకటింపబడినది. దాని కాలము క్రీస్తు శకము 207. అందులోని విషయమేమి? ఒక ప్రాసాదమును, ఒక మండపమును కట్టించిన సంగతి. అనగా మా ఊరి గూర్చి మిగిలిన మిక్కిలి పాత వ్రాతలలో ఒకటి కట్టడమును గూర్చిన వ్రాత. కట్టవలెనను కోరిక మాకు క్రొత్తది కాదని దీనివలన తెలియుచున్నది.

మా తండ్రిగారు మాకు మూడు ఇండ్లు విడిచి పోయిరి. రెండు పెంకుటిండ్లు, ఒక డాబా. డాబాలో మా అమ్మగారు ఉండుచు, వీధివైపు రెండు గదులు అద్దెకిచ్చుచుండెను. పెంకుటిండ్లలో ఒకటి ఊరి చివర ఉన్నది. రెండవది పది సెంట్ల స్థలములో, బజారునకు దగ్గరగా ఉండెను. అందులో కుట్టుపని చేసికొను ఒక కుటుంబము పందొమ్మిదేండ్లుగా కాపురముండెను. 2021లో మా తమ్ముడు ఒక కాగితము తెచ్చి మా ముందు పెట్టెను. ఆ పది సెంట్లలో నాలుగంతస్తులు, అంతస్తునకు రెండు చొప్పున ఎనిమిది వాటాలు, క్రింద వాహనములు నిలుపు చోటు. "వడ్లమూడిలో విశ్వవిద్యాలయమున్నది, సంగం డెయిరీ ఉన్నది. అద్దెకు వచ్చువారికి కొదువ లేదు" అని అతని వాదము. అమెరికాలోనున్న మా బంధువులు కూడ ఫోనులో అదే మాట చెప్పిరి. అచ్చట మనవారు పలువురు విడి ఇండ్లు అమ్మి, అపార్టుమెంటు భవనములలో పెట్టుబడి పెట్టుచున్నారట.

మా అమ్మగారు మాత్రము ఒక్క మాట అనిరి. "ఇంట్లో ఎవరుంటున్నారో ఇప్పుడు నాకు తెలుసు నాయనా. మేడ కడితే మెట్లెక్కేదెవరో, దిగేదెవరో కూడా తెలియదు." ఆ మాటలో ఒక పెద్ద లెక్క దాగియున్నదని మాకు అప్పుడు తోచలేదు.

ముందుగా కాగితము మీది లెక్కను చూతము. ఇది ఉదాహరణకు మాత్రమే. శ్రోతలు తమ ఊరి అద్దెలు వేసికొని మార్చుకొనవచ్చును.

మూడు విడి ఇండ్లు, నెలకు 7,000 రూపాయల చొప్పున అద్దె వచ్చుచున్నవనుకొందము. సంవత్సరమునకు 2,52,000 రూపాయలు. ఒక ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉన్నదన్న 14,000 పోవును. సున్నములు, పన్నులు, చిల్లర మరమ్మతులు 27,000 అనుకొందము. మిగులు 2,11,000 రూపాయలు. కరెంటు బిల్లు, నీటి సంగతి, వాకిలి ఊడ్చుట, వీధిలో దీపము, ఇవన్నియు అద్దెకున్నవారే చూచుకొందురు. యజమాని నెలకొక మారు కనబడిన చాలును.

ఇక ఎనిమిది వాటాల మేడ. వాటాకు 8,000 చొప్పున నెలకు 64,000, సంవత్సరమునకు 7,68,000 రూపాయలు. వినుటకు ఎంత ఇంపుగా ఉన్నది! ఖాళీల క్రింద ఒక నెల అద్దె తీసివేయుదము. 7,04,000 మిగిలినది. ఇప్పుడు కావలివానికి సంవత్సరమునకు 1,20,000. నీటి మోటారు, లిఫ్టు, మెట్ల దీపముల కరెంటునకు 72,000. లిఫ్టు నిర్వహణ ఒప్పందమునకు 30,000. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, గొట్టములు, మోటారు మరమ్మతులకు 40,000. ఇంటి పన్ను, బీమా 42,000. కొన్నేండ్లకొక మారు రంగులు వేయుటకు, పాతబడిన మోటారు మార్చుటకు ముందుగా దాచవలసిన సొమ్ము 60,000. మొత్తము 3,64,000. మిగులు 3,40,000 రూపాయలు.

అద్దె మూడింతలైనది. మిగులు మాత్రము ఒకటిన్నర రెట్లకు కొంచెము పైన. విడి ఇండ్లలో వచ్చిన నూరు రూపాయలలో ఎనుబది మూడు పైగా చేతికి అందెను. మేడలో నలుబది నాలుగే అందినవి. తక్కినవి ఎక్కడికి పోయినవి? విడి ఇండ్లలో అద్దెకున్నవారు ఎవరికి వారు చేసికొనుచుండిన పనులకు పోయినవి. మెట్లు ఎవరివి? నీళ్ల ట్యాంకు ఎవరిది? రాత్రి పదింటికి గేటు వేయవలసినది ఎవరు? విడి ఇంటిలో ఈ ప్రశ్నలే లేవు. మేడలో వీటన్నింటికిని సమాధానము ఒక్కరే, యజమాని. కనుక విడి ఇండ్ల నుండి మేడకు పోవుట చిన్న ఆస్తి నుండి పెద్ద ఆస్తికి పోవుట కాదు. ఆస్తి నుండి వ్యాపారమునకు పోవుట. ఈ ఒక్క భేదమును గ్రహించినవాడు సగము నష్టమును తప్పించుకొన్నట్లే.

ఈ సంగతిని మాకు స్పష్టముగా చెప్పినవారు తెనాలిలో ఆరు వాటాల భవనమును చిరకాలముగా నడుపుచున్న ఒక పెద్దలు. వారి వద్దకు మేమును మా తమ్ముడును పోయి, "బాబాయి గారూ, అద్దె ఎంత వస్తోందండీ?" అని అడిగితిమి. వారు నవ్వి, "అబ్బాయీ, అద్దె ఎంతని అడిగావు, బాగానే ఉంది. మోటారు కాలిపోతే ఆ రాత్రి ఎవరు పోతారని అడగలేదేం?" అనిరి. మా తమ్ముడు మా ముఖము చూచెను. మేము ఆకాశము వంక చూచితిమి.

ఇప్పుడు అప్పు సంగతి. పైన చెప్పిన మేడకు, స్థలముతో కలిపి, 1 కోటి 20 లక్షలు విలువ కట్టుదము. 3,40,000 మిగులు అనగా నూటికి మూడు రూపాయలకు లోపు. బ్యాంకు వడ్డీ నూటికి తొమ్మిది అనుకొని, 60 లక్షలు పదునైదేండ్ల గడువునకు అప్పు తెచ్చిన, నెలసరి వాయిదా సుమారు 60,850 రూపాయలు. సంవత్సరమునకు 7 లక్షల 30 వేలు. మేడ ఇచ్చు మిగులు దానిలో సగమైనను లేదు. అద్దెలే అప్పు తీర్చునని చెప్పువారు అద్దె మొత్తమును చూపుదురు గాని మిగులును చూపరు.

మరి అమెరికాలో మనవారికి ఈ లెక్క ఎట్లు కుదిరినది? అచ్చట నాలుగు వాటాల వరకు గల ఇల్లు గృహ ఋణములకు అర్హము. ఐదు, అంతకు మించిన వాటాలున్న భవనమును వాణిజ్యపు ఆస్తిగా ఎంచి ఋణమిత్తురు. దాని వెలను ప్రధానముగా ఖర్చులు పోను మిగులు రాబడిని బట్టి కట్టుదురు. మిగులు, అప్పు వడ్డీ కంటె హెచ్చుగా ఉన్నంత కాలము అప్పు లాభమును పెంచును. ఆ సంబంధము తలక్రిందులైన ఏమగునో వారును చూచిరి. అచ్చటి ఫెడరల్ రిజర్వు 2022 మార్చిలో సున్నకు చేరువగా ఉన్న వడ్డీని 2023 జూలై నాటికి 5.25–5.50 శాతమునకు పెంచెను. మారుచుండు వడ్డీకి అప్పు తెచ్చి భవనములు కొన్నవారిలో పలువురు చిక్కులలో పడిరి. వారికి అప్పుడు కలిగిన స్థితి మన ఊళ్లలో నివాస గృహములకు సాధారణ స్థితి. ఇచ్చట భూమి వెల హెచ్చు, అద్దె తక్కువ. కావున సముద్రమునకు ఆవలి లెక్కను ఇచ్చటి నేలపై వేయరాదు.

ఇంకొక వాదము కలదు. మూడిండ్లలో ఒకటి ఖాళీ అయిన మూడవ వంతు రాబడి పోవును. ఎనిమిది వాటాలలో ఒకటి ఖాళీ అయిన ఎనిమిదవ వంతే పోవును. ఇది నిజమే. మేడ వైపున ఉన్న బలమైన వాదము ఇదియే. కాని ఎనమండుగురును ఒకే కాలేజీ విద్యార్థులైనచో? 2020 మార్చిలో మహమ్మారి కారణమున కాలేజీలు మూతపడినప్పుడు విద్యార్థులు ఊళ్లకు పోయిరి. విద్యార్థులనే నమ్ముకొన్న మేడలలో ఒక వాటా కాదు, అన్ని వాటాలును ఒక్క మారే బోసిపోయినవి. రాజధాని వచ్చుననిన ఆశతో 2015 తరువాత గుంటూరు, విజయవాడల చుట్టును కట్టినవారు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినినప్పుడు అదే పాఠము నేర్చిరి. వాటాల సంఖ్య కంటె, కాపురమున్నవారి బ్రతుకుతెరువులు వేరు వేరుగా ఉండుట ముఖ్యము. ఒక ఉపాధ్యాయుడు, ఒక దుకాణదారు, ఒక డెయిరీ ఉద్యోగి, ఇద్దరు విద్యార్థులు ఉన్న మేడ గాలివానకు తట్టుకొనును.

సొంత సొమ్ము లేనివారికి మన ప్రాంతమున వాడుకలోనున్న మార్గము, స్థలమును బిల్డరుకు డెవలప్‌మెంటుకిచ్చుట. స్థలము మనది, కట్టుబడి ఖర్చు అతనిది. పూర్తి అయిన తరువాత ఫ్లాట్లను సగము సగమో, ఒప్పుకొన్న వంతులలోనో పంచుకొందురు. పైసా పెట్టకుండ నాలుగు ఫ్లాట్లు వచ్చునని సంతోషింతుము. కాని ఇచ్చట ఒకటి గమనింపవలెను. ఆ దినము మొదలు స్థలము మనది కాదు. దానిలో విడదీయరాని వాటా మాత్రమే మనది. ముప్పది నలుబది ఏండ్లకు గోడలు పాతబడును. విలువ మిగులునది నేలకే. అప్పుడు ఆ కట్టడమును తీసి మరియొకటి కట్టవలెనన్న ఎనమండుగురు యజమానులు ఒక మాట మీదికి రావలెను. అన్నదమ్ములు ఇద్దరు ఒక మాట మీదికి వచ్చుట ఎంత కష్టమో శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు.

చట్టము మనకు కొంత రక్ష కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో అపార్టుమెంట్ల నిర్మాణము, యాజమాన్యము గూర్చి 1987లోనే చట్టము వచ్చినది. 2016 నాటి స్థిరాస్తి చట్టము, అనగా వాడుకలో రెరా, బిల్డరు కొనుగోలుదారుల వద్ద తీసికొన్న సొమ్ములో నూటికి డెబ్బదిని ఆ నిర్మాణమునకే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెననెను. అప్పగించిన ఐదేండ్లలోపల కట్టుబడిలో లోపము బయటపడిన బిల్డరే సరిచేయవలెననెను. అయితే స్థలము 500 చదరపు మీటర్లకు మించనిచో, లేక ఫ్లాట్లు ఎనిమిదికి మించనిచో, ఆ నిర్మాణమును రెరాలో నమోదు చేయనక్కరలేదు. మా పది సెంట్లు సుమారు 405 చదరపు మీటర్లు. అనగా చేబ్రోలు వంటి ఊళ్లలో లేచు చిన్న మేడలలో అనేకము ఆ నమోదు వెలుపలనే ఉండును. అచ్చట మన కన్నే మనకు కావలి. దస్తావేజుల వరుస, ఈసీ, మంజూరైన ప్లాను, అందులోని అంతస్తుల సంఖ్య, ఇవి చూడక సంతకము చేయరాదు.

నేలను కూడ చూడవలెను. మా ప్రాంతమున నల్లరేగడి విస్తారము. తడికి ఉబ్బును, ఎండకు బీటలు వారును. పెంకుటిల్లు ఆ కదలికను ఏదో విధముగ సహించును. నాలుగంతస్తుల మేడకు మట్టి పరీక్ష లేక పునాది వేయుట నష్టమును కొని తెచ్చుకొనుటయే. ఇట్టి నేలలకై పునాది స్తంభముల అడుగును గంటవలె వెడల్పు చేయు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది. ఇంజనీరును అడిగి తెలిసికొనదగిన సంగతి ఇది.

ఇట్లు చూడగా చూడగా మా తమ్ముని కాగితము మారెను. ఎనిమిది నాలుగైనవి. ఊరి చివరి పెంకుటింటిని అమ్మితిమి. ఆ సొమ్మునకు మా ఇరువురి పొదుపును చేర్చి, బజారు వద్ద పది సెంట్లలో రెండంతస్తులు, నాలుగు వాటాలు కట్టితిమి. బ్యాంకు అప్పు లేదు. లిఫ్టు లేదు. ప్రతి వాటాకు వేరు మీటరు, మోటారునకును మెట్ల దీపములకును ఇంకొక మీటరు. అమ్మగారి డాబా జోలికి పోలేదు.

కుట్టుపని కుటుంబమునకు తొమ్మిది నెలలు ముందుగా చెప్పితిమి. ఆ పెద్దమనిషి ఏమియు అనలేదు. తన మిషను వంక చూచి, "కిందవాటా ఇస్తే వస్తానండి. మెట్లెక్కి గిరాకీ రాదు" అనెను. క్రింది వాటా అతనికే ఇచ్చితిమి, పాత అద్దెకు క్రొత్త అద్దెకు నడుమ ఒక మొత్తమునకు. మా తమ్ముడు దానిని లెక్క పుస్తకములో నష్టము క్రింద వ్రాసెను. వ్రాయనిచ్చితిమి. దయ చేసినను లెక్కలో చూపవలసినదే. లేకున్న సంవత్సరాంతమున మిగులు ఎందుకు తగ్గినదో తెలియదు. పందొమ్మిదేండ్లు నెల తప్పక అద్దె ఇచ్చినవాని విలువను ఏ ఖాతా క్రింద వ్రాయవలెనో మాత్రము మా ఇరువురికిని తెలియలేదు.

2023లో నాలుగు కుటుంబములు చేరినవి. మరుసటి వేసవిలో, మేము రాత్రి విధులలో ఉండగా ఫోను మ్రోగెను. మోటారు కాలినది. నాలుగిండ్లకు నీరు లేదు. మేము బాగుచేయువానిని ముందుగా మాటాడి పెట్టుకొనలేదు. రెండవ మోటారు లేదు. రెండు దినములు ఆ కుటుంబముల వారు అమ్మగారి డాబా నుండి బిందెలతో నీరు మోసికొనిరి. తప్పు ముమ్మాటికిని మాది. తెనాలి పెద్దలు అడిగిన ప్రశ్న మా చెవులలో మ్రోగెను. ఇప్పుడు మోటారు బాగుచేయువాని ఫోను నంబరు మెట్ల గోడపై వ్రాయించితిమి. ప్రతి నెల అద్దెలో పదవ వంతును వేరు ఖాతాలో వేయుచున్నాము. దానిని పండుగకును తాకము, పెండ్లికిని తాకము.

ఈ వేరు ఖాతా క్రొత్త ఆలోచన కాదు. మన పాత గుడుల శాసనములు చదివిన తెలియును. గుడి కట్టినవాడు కట్టి ఊరకుండలేదు. దీపమునకు, నైవేద్యమునకు, అందు కొలువు చేయువారికి భూములు ఇచ్చి మరి పోయెను. కట్టడము నిలుచునది కట్టిన సొమ్ముతో కాదు, నడుపుటకు విడిచిన సొమ్ముతో అని వారెరుగుదురు. ఆ ఏర్పాటు తప్పిన ఏమగునో బొంబాయి చెప్పును. అచ్చట 1947 చట్టము అద్దెలను 1940 నాటి స్థాయిలో నిలిపివేసినది. అద్దెకున్నవారికి అది అండయే. కాని మరమ్మతులకు సరిపడు రాబడి లేక, యజమానులు చేయి ముడుచుకొనగా, పెద్ద పెద్ద భవనములు శిథిలములైనవి.

తలపెట్టిన శ్రోతలకు నాలుగు మాటలు చెప్పి ముగింతుము. అద్దెను గాక మిగులును లెక్కింపుడు. మిగులు వడ్డీ కంటె తక్కువగా ఉన్నంత వరకు పెద్ద అప్పు జోలికి పోకుడు. ఇంటి పన్ను పోను అద్దె రాబడిలో నూటికి ముప్పది ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు కలదు గనుక, లెక్కలను దాచనక్కరలేదు, చక్కగా వ్రాసియుంచుడు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి చట్టము చెప్పుచున్నది. పదునొకండు నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది ఇందువలననే. కాగితము చిన్నదైనను, నీరు, కరెంటు, శుభ్రత ఎవరి బాధ్యతయో అందులో వ్రాయింపుడు. అన్నిటికంటె ముందు, రాత్రి ఫోను మ్రోగిన ఎవరు పోవుదురో ఇంటిలో నిశ్చయించుకొనుడు. ఆ జవాబు దొరకని యింటివారికి విడి ఇండ్లే మేలు. దొరికినవారు ఎనిమిదితో కాక నాలుగుతో మొదలిడుట మంచిది.

మొన్న చేబ్రోలు పోయినప్పుడు అమ్మగారు మెట్ల దగ్గర కుర్చీ వేసికొని కూర్చుండియుండిరి. పై వాటాలోని చిన్నపిల్ల దిగివచ్చుచుండెను. "ఇది లక్కోజు వారి మనవరాలు కాదు, వీళ్లది రేపల్లె" అని మాకు పరిచయము చేసిరి. మెట్లెక్కువారెవరో, దిగువారెవరో ఆమెకు ఇప్పుడు తెలియును. మేడను నడుపుట అనగా ముఖ్యముగా ఇదియేనని మాకు తోచినది.